గుట్ట మీద జెండా ఎగిరిన నాడు

“జెండ తాడు నేనే గుంజుత. గామెను గక్కడ కూసోమను,” అంది సమ్మవ్వ, చేతికర్రతో వెనక వరస కుర్చీలను చూపిస్తూ.

“ఏం, నేనేమన్న తమాష చూడొచ్చిన్నా?” అంది లస్మవ్వ, ఇటు తిరగకుండానే.

ప్రసూనకు చెమటలు పట్టాయి. రాజమండ్రి నుంచి తెలంగాణ బొగ్గుగనుల దగ్గరి సెంటినరీ కాలనీకి వచ్చి మూడు నెలలైన గని ఇంజనీరు ఆమె. కాలనీ పక్కనున్న రామగిరి గుట్ట మీద మొట్టమొదట జెండా ఎగిరిన రోజున పుట్టిన మనిషి చేత ఈ పంద్రాగస్టుకు జెండా ఎగరేయిద్దామని మీటింగులో అన్నది ఆమే. అన్నందుకు ఆ పని ఆమెకే అంటగట్టారు. చుట్టుపక్కల ఊళ్లకు కబురు పంపింది. ఒక్కరు దొరికితే చాలనుకుంటే, రెండు ఊళ్ల నుంచి ఇద్దరు దిగారు. జనరల్ మేనేజరు రావడానికి ఇంకా పావుగంటే ఉంది.

“మామ్మగారూ, మీరు ఎప్పుడు పుట్టారు?”

“ఢిల్లీల సొతంత్రం వచ్చిన నాడు,” అంది లస్మవ్వ. “నలుగురు మొగోళ్లు నిజాం పోలీసుల కండ్లు గప్పి, గుట్టెక్కి జెండ కట్టిండ్రు. మా అవ్వ చెప్పింది.”

“కట్టిండ్రు. పొద్దూకక ముందే పోలీసులు పీకిండ్రు,” అంది సమ్మవ్వ. “గదొక జెండనా? మనకు సొతంత్రం ఇంకో ఏడాదికి గద వచ్చింది, నిజాం పాలన పోయినంక. డప్పులు కొట్టుకుంట ఊరంత గుట్టెక్కింది. గా దినమే నేను పుట్టిన. మా అవ్వ చెప్పింది.”

“మా అవ్వ ఎన్నడు అబద్ధమాడలె.”

“మా అవ్వ గూడ ఆడలె.”

ప్రసూన ఇద్దరి ఆధార్ కార్డులూ అడిగి చూసింది. ఒకదాంట్లో 1947 ఆగస్టు, ఇంకోదాంట్లో 1948 సెప్టెంబరు.

“అయితే లస్మవ్వగారు పెద్ద...”

“గామె పెద్దనా?” సమ్మవ్వ లేచి నిలబడింది. “గామెను నేను అక్కా అనాల్నా? సచ్చినా అనను.”

దూరంగా జీపు హారన్ వినిపించింది. ప్రసూన ఇద్దరి మధ్యా మోకాళ్ల మీద కూర్చుంది.

“పోలీసులకు భయపడకుండా కట్టినదీ మన జెండానే. ఊరంతా కలిసి ఎగరేసినదీ మన జెండానే. తాడు ఇద్దరూ పట్టుకోండి, మామ్మగారూ. నా పరువు మీ చేతుల్లో ఉంది.”

ఇద్దరూ పట్టుకున్నారు. ఒకరు గుంజితే ఒకరు ఆపారు. “నువ్వు ఇడువు,” “నువ్వు ఇడువు,” అని మైకులో కాలనీ అంతటికీ వినిపించింది. చివరికి ముడి ఊడి జెండా రెపరెపలాడింది. బంతిపూల రేకులన్నీ జనరల్ మేనేజరు బట్టతల మీద పడ్డాయి. ఆయన నవ్వేసరికి అందరూ నవ్వారు. ముసలమ్మలిద్దరూ మాత్రం నవ్వకుండా, చెరో లడ్డూ తీసుకుని చెరో మూలకు వెళ్లి కూర్చున్నారు.

గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్న ప్రసూన, ముందు వరసలో ఉన్న ఎనభై ఐదేళ్ల ఆగయ్య దగ్గరికి వెళ్లింది.

“తాతగారూ, మీరు ఆ రోజులు చూసినవారు. వీళ్లలో ఎవరిది నిజం?”

“జెండ ముచ్చట నాకు తెల్వదు, బిడ్డా. అప్పుడు నాకు ఏడేండ్లు. మంత్రసానిని పిలుచుకొచ్చింది మాత్రం నేనే.”

“ఎవరు పుట్టినప్పుడు?”

ఆగయ్య లడ్డూ నమలడం ఆపాడు.

“ఇద్దరు ఒక్క అవ్వకే, ఒక్క కాన్పుల పుట్టిండ్రు.”