‘అ’ రాయి

బడంటే పిల్లల జైలని కరపత్రంలో చదివాక ఊరుకుంటానా? మా అక్క కూతురు దుర్గకు నేనే ఇంట్లో చదువు మొదలెట్టా.

పలకా బలపం దండగ. వాకిట్లో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, గడికో అక్షరం వేశా. బిళ్లలకేం, మాచర్లలో నాపరాయి ముక్కలు ఊరికే దొరుకుతాయి. “‘క’ రాయి!” అని కేకేస్తే చాలు, దుర్గ విసిరిన బిళ్ల ఠపీమని ‘క’ మీద పడేది.

“ఒరేయ్, నీ విప్లవం చాలు. దీన్ని బళ్లో వేసేదాకా నీకు కూడు పెట్టను,” అంది అక్క. ఆకలి ముందు కరపత్రాలు పనిచెయ్యలా.

మర్నాడు అక్కా నేనూ బడికి తీసుకెళ్తే, హెడ్‌మాస్టరు దుర్గను ఎగాదిగా చూశాడు. “అక్షరాలొచ్చా?”

“మీ రెండో తరగతోళ్లకంటే బాగా వచ్చు,” అన్నా రొమ్ము విరుచుకుని.

“ఏదమ్మా, ‘అ’ రాయి.”

దుర్గ గదంతా వెతికింది. ‘అ’ ఆయన నెత్తిమీద, అద్దం బిగించిన అక్షరాల పటంలో ఉంది. పరికిణీ మడతలోంచి బిళ్ల తీసింది.

అద్దం భళ్లుమంది. గురి మాత్రం తప్పలేదు.

“ఏందయ్యా ఇది?”

“గుర్తుపట్టిందిగా!”

ఆయన గాజుముక్కలు దులుపుకున్నాడు. “ఒకటో తరగతిలో వేసుకుంటున్నా. నీ దగ్గరుంటే ఊరికే ప్రమాదం.”

దారిపొడుగునా అక్క అద్దం ఖరీదు లెక్కేస్తోంది. దుర్గ ఒక్కతే గంతులేస్తోంది.

“మామా, బడి చానా బాగుంది. రేపు ‘ఆ’ కొడతా!”