గేటు లోపలి యామిని

ఫోను మోగుతున్నా ఎత్తకుండా ఉండడం ఎలా అని ఎక్కడైనా కోర్సు పెడితే అందులో యామినికి గోల్డ్ మెడల్ ఖాయమని మాల్యాద్రి హాస్టలు గేటు ముందు నిలబడి గొణుక్కున్నాడు. వారంలో ఇరవైరెండు సార్లు చేశాడు. ఒక్కసారీ ఎత్తలేదు. పోనీ సిగ్నల్ లేదని సరిపెట్టుకుందామా అంటే, మంగళవారం వాట్సాప్‌లో ఇద్దరూ ఉన్న ఫొటో తీసేసి నందివర్ధనం పువ్వు పెట్టింది. పువ్వు పెట్టడానికి ఉన్న సిగ్నల్ పలకడానికి లేకపోయిందన్నమాట.

“ఎవరి కోసం నాయనా?” గేటు దగ్గర కుర్చీలో ఉన్న కొండమ్మ అడిగింది.

“యామిని, బీఈడీ మొదటి సంవత్సరం. పోయిన ఆదివారం కూడా వచ్చినా గదా పెద్దమ్మా.”

“ఆదివారం నూరుమంది వస్తారు. ఎవరి మొగమని గుర్తు పెట్టుకునేది? పో, షెడ్డులో కూచో. కబురు పెడతా.”

మార్కాపురం చివర్న ఉన్న ఆ చిన్న కాలేజీలో చుట్టాలు కూర్చోవడానికి ఒక రేకుల షెడ్డు, నాలుగు పలకరాయి బెంచీలు ఉన్నాయి. బెంచీల నిండా తండ్రులు, వాళ్ల ఒళ్లో క్యారియర్లు. మాల్యాద్రి కూడా క్యారియర్ ఒళ్లో పెట్టుకుని ఒక మూల సర్దుకున్నాడు. అందులో జొన్నరొట్టెలు, గోరుచిక్కుడు వేపుడు ఉన్నాయి. రొట్టెల్లో ఒక్కటి కూడా గుండ్రంగా లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

కొనకనమిట్ల పక్క ఊళ్లో ఆయన ఇంట్లో ఉండేదే ఇద్దరు. అందులో ఒకరు హాస్టలుకు పోతే మిగిలేది ఒక్కరేనన్న లెక్క ఆయనకు ముందుగా తట్టలేదు. మూడు నెలలైనా చెయ్యి అలవాటు కొద్దీ ఇద్దరికే బియ్యం పోస్తుంది. మిగిలిన అన్నం పొద్దున్నే గేదె తింటుంది. ఇంట్లో మనిషి గొంతు వినపడాలని టీవీ పెట్టుకుని, దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. యామిని పెట్టె సర్దుకున్న రోజు, “చదివింది చాలదా? నాలుగు రోజులుండలేవు, చూస్తాగా” అని పందెం వేసినట్టు అన్నాడు. నాలుగు రోజులు ఉండలేనిది ఎవరో ఐదో రోజుకే తెలిసింది. పైకి మాత్రం చెప్పలేదు.

“మీ పాప ఎవరన్నా?” పక్కనున్నాయన అడిగాడు. పేరు నతానియేలు, ఊరు పెద్దారవీడు అని తనే చెప్పుకున్నాడు.

“యామిని” అన్నాడు మాల్యాద్రి.

నతానియేలు లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. “యామినక్కా! మా ఝాన్సీది అదే రూము. మొన్న జొరమొస్తే రెండు దినాలు తడిగుడ్డ ఏసుకుంటా పక్కనే కూచునిందంట. మీ యామిని లేకపోతే మా పిల్ల మొదటి వారమే మూట కట్టుకోని వచ్చేసేది. ఎంత బాగా పెంచినారన్నా!”

మాల్యాద్రికి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

“చదువైనాక పెండ్లి చేస్తారా?”

“తొందరేముంది తమ్ముడూ” అని మాల్యాద్రి నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు. మూత ఎప్పుడో వచ్చేసింది.

పిల్లలు ఒక్కొక్కరే దిగి వచ్చారు. క్యారియర్లు తెరుచుకున్నాయి. ఝాన్సీ వచ్చి వాళ్ల నాయన భుజం మీద తల పెట్టి ఏడ్చి, ఏడుస్తూనే చికెన్ ముక్క నోట్లో పెట్టుకుంది. మాల్యాద్రి క్యారియర్ మాత్రం మూసే ఉంది. మేడ మీద వరండాలో ఆకుపచ్చ చీర కనబడింది. ఆయన చెయ్యి ఊపాడు. యామిని ఒక నిమిషం కిందికి చూసి లోపలికి వెళ్లిపోయింది.

పన్నెండు కావస్తుండగా కొండమ్మ షెడ్డులోకి వచ్చింది. చంకలో లావుపాటి రిజిస్టరు.

“దిగదంట.”

“ఒంట్లో బాగలేదా?”

“రాయి మాదిరి ఉంది. ఇంక ఆదివారాలు రావద్దని చెప్పమనింది.”

సోమవారం నుంచి శనివారం దాకా ఆయన ఎట్లాగో ఈడ్చుకొచ్చేది ఈ రెండు గంటల కోసమే. ఇది కూడా పోతే ఇక ఆ ఇంట్లో టీవీకి, తనకు తేడా ఉండదు.

“నేనేం చేసినా పెద్దమ్మా?”

“అదే నేనూ అడిగినా. పోయిన వారం నువ్వు పోయినాక సంతకం పెట్టను వచ్చి దీంట్లో ఏందో చూసిందంట. ఏముందో ఆయన్నే చూసుకోమను, తప్పు ఎవరిదో చెప్పమను, అప్పుడు దిగుతానంటాంది.” కొండమ్మ కళ్లజోడు సర్దుకుని పేజీ తిప్పి పైకి చదివింది. “మాల్యాద్రి, తండ్రి, వచ్చింది పది, పోయింది పన్నెండు. ఇట్ల రాసినానని చదివితే తలకాయ ఊపినావు గదా? నూరుమందికి ఇట్లనే రాస్తా. ఇంతవరకు ఎవరూ అలగలా.”

మాల్యాద్రి ఆ పేజీ వంక చూశాడు. పోయిన ఆదివారం కూడా ఈ బెంచీలు ఇట్లాగే నిండి ఉన్నాయి. ఇంతమంది తండ్రుల మధ్య నోరు పెగలక తల ఊపిన మాట నిజం. ఆయన నెరిసిన జుట్టు ఒకసారి చేత్తో దువ్వుకున్నాడు. నతానియేలు ముద్ద చేతిలోనే పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. షెడ్డంతా ఇటే చూస్తోంది. మేడ మీద వరండాలో ఆకుపచ్చ చీర కొంగు మళ్లీ కదిలింది.

ఆయన లేచి నిలబడి, మేడ మీదికి వినపడేటట్టు గొంతెత్తాడు.

“తప్పు నాదే పెద్దమ్మా, దాంట్లో మొగుడని రాయి!”