బో లోపలి సొట్ట

నాలుగో బో కూడా చతికిలబడింది.

బో అంటే కేకు మీద అలంకారంగా పెట్టే రిబ్బన్ ముడి. ఫాండెంట్ అనే పంచదార ముద్దను పలచగా ఒత్తి, పట్టీలు కోసి, మడిచి ఆరబెడతారు. ఎనిమిది రోజులుగా వాన విడవలేదు. ఏదీ ఆరడం లేదు.

రేపు పదింటికి హోటలువాళ్ళ పెళ్ళి కేకు వెళ్ళాలి. పోయిన నెల ఒక బో వాలిపోయి అందరి ముందూ పరువు పోయింది. ఈసారీ వాలితే హోటలు ఇంకో షాపు చూసుకుంటుంది. ఉన్న ఒక్క పెద్ద గిరాకీ అదే. అది పోతే షట్టరు దించడమే.

"కాస్త వచ్చి ముద్ద ఒత్తే ఈ రోలర్ మిషన్ తిప్పు," అన్నాడు కేకు మాస్టర్ భార్యతో.

"చంపినా ఆ మిషన్ దగ్గరికి రాను."

నలభై ఏళ్ళొచ్చినా ఆమెకు అదంటే హడలే. నాలుగేళ్ళప్పుడు అందులో చెయ్యి పెడితే, పనిలో ఉన్న అమ్మాయెవరో లాగేసిందట. "ఆ పిల్లకేం కాలేదు, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది," అని చెప్పేవాడు షాపు పెట్టిన నాన్న.

ఇంతలో గొడుగు ముడుస్తూ ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. అరవై దాటి ఉంటాయి.

"పని కావాలి బాబూ. బోలు చేస్తాను."

మాస్టర్ ఆవిడ చేతులు చూశాడు. కుడి చూపుడు వేలు కొక్కెంలా వంగిపోయి ఉంది.

"ఈ వేలితోనా?"

"ఈ వేలితోనే."

ఆవిడ చూపు కౌంటర్ మీది గాజు సీసా మీద పడింది. అందులో ఒక తెల్ల బో ఉంది. ముప్పై ఆరేళ్ళ నాటిది, రాయిలా ఉంది.

"ఇది ఎవరు చేశారమ్మా?"

"మా నాన్న," అంది భార్య గర్వంగా.

"బాగా చేశారు."

ఆ బో కుడి మడతలో, లోపలివైపు చిన్న సొట్ట ఉంటుంది. మామగారి హస్తవాసి అంతా ఆ సొట్టలోనే ఉందని అల్లుడి నమ్మకం. దానికోసం ప్రత్యేకంగా ఒక చెంచా కొని, పనివాళ్ళందరికీ నొక్కడం నేర్పాడు. సొట్ట లేని బో ఆ షాపు గడప దాటదు. అంత నిష్ఠ.

"సరే, ఒకటి చేయండి చూద్దాం."

ఆవిడ ముద్దలో కాస్త కార్న్‌ఫ్లోర్ కలిపి పిసికింది. పట్టీ కోసింది, మడిచింది. వంకర వేలు మడతలోకి దూర్చి కదలకుండా కూర్చుంది. ఐదు నిమిషాలు. పది. ఇరవై.

"ఏం చేస్తున్నారు?"

"పట్టుకున్నాను బాబూ. బిగిసేదాకా పట్టుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే చెమటపట్టి కూలిపోతాయి."

పొద్దున్నుంచి ఫ్రిజ్‌నే నమ్ముకున్నవాడికి ఒళ్ళు మండదూ?

"నాకు ముప్పై కావాలి. మీ లెక్కన వచ్చే ఏడాది పెళ్ళిళ్ళకి అందుతాయి. పైగా చెంచాతో నొక్కనేలేదు."

"చెంచా ఎందుకు?"

"అది మా షాపు గుర్తు. మీకు తెలీదులెండి."

ఆవిడ సీసా వైపు ఒకసారి చూసింది. వేలు మెల్లగా బయటికి తీసి, బోని ఓవెన్ పక్కన వెచ్చటి అరలో పెట్టింది.

"వేలికేమైంది?" అడిగింది భార్య.

"మిషన్లో పడిందమ్మా, ఎప్పుడో." ఆవిడ ఆమె చేతుల వైపు కాసేపు చూసింది. "మీ చేతులు చక్కగా ఉన్నాయి."

పనికోసం వచ్చినవాళ్ళు ఏదో ఒకటి పొగడాలిగా అనుకుంది భార్య. అయినా జాలేసి, అడ్రసు రాసుకుందామని పెన్ను తీసింది.

"అక్కర్లేదు," అన్నాడు మాస్టర్.

ఆవిడ గొడుగు విప్పుకుని వానలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు తొమ్మిదింటికి ఫ్రిజ్ తెరిస్తే, రాత్రంతా కూర్చుని చేసి పెట్టిన ముప్పై బోలూ చెమటలు కక్కుతూ పడుకుని ఉన్నాయి. పదింటికి హోటల్ మేనేజర్ వచ్చాడు. చూశాడు. ఎవరికో ఫోన్ చేసుకుంటూ వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. షాపు పనైపోయిందని ఇద్దరికీ అర్థమైంది.

ఓవెన్ పక్క అరలో మాత్రం ఒక్క బో ఠీవిగా నిలబడి ఉంది.

భార్య దాన్ని చేతిలోకి తీసుకుని లోపలికి చూసింది. కుడి మడతలో సొట్ట ఉంది.

"చెంచాతో నొక్కలేదన్నారుగా?"

"నొక్కలేదు."

ఆమె సీసాలోని బో తీసి పక్కన పెట్టింది. చెంచా సొట్ట గుండ్రంగా ఉంటుంది. ఈ రెండింటిలో ఉన్నది కొక్కెం లాంటి వంపు. రెండూ ఒకటే.

మాస్టర్ వీధిలోకి పరిగెత్తాడు, నిన్న వెళ్ళిన మనిషి కోసం ఇవాళ. బస్టాపు ఖాళీగా ఉంది. ఎవరినైనా అడుగుదామంటే పేరైనా తెలీదు. తడిసి ముద్దై తిరిగొచ్చాడు.

"ఇది నాన్న చేసింది కాదండీ," అంది భార్య. "ఆవిడ ఇక్కడే పనిచేసింది."

"ఇంత పనిమంతురాల్ని మామయ్యగారు ఎందుకు పంపించేశారు?"

"మీరెందుకు పంపించారు?"



ఆమె లేచి, ఎన్నడూ వెళ్ళని ఆ రోలర్ మిషన్ దగ్గరికి నడిచింది.

తిన్నగా ఉన్న తన వేళ్ళని దాని మీద పెట్టింది. నాలుగేళ్ళప్పుడు ఆ చేతిని బయటికి లాగేసింది ఆవిడే, బదులుగా అందులో నలిగిన వేలూ ఆవిడదే.