బావురుపిల్లి నామినేషన్

అడవి అసెంబ్లీకి కోళ్లదొడ్డి తరఫున ఇద్దరు నిలబడ్డారు. నామినేషన్ వేసినవాళ్ల గతాన్ని కాకి అందరి ముందూ చదవడం అక్కడి పద్ధతి.

"కోడిపుంజు. వృత్తి, తెల్లారుజామున లేపడం. కేసులు లేవు."

"అదీ ఒక పనేనా?" అని పెట్టలు మొహం తిప్పుకున్నాయి.

"బావురుపిల్లి. వృత్తి, సంఘసేవ. కోళ్లను ఎత్తుకుపోయిన కేసులు ఏడు."

ముసలిపెట్ట మెచ్చుకోలుగా తలాడించింది. "ఒక్కటీ దాచుకోలేదు, చూశారా. ఇలాంటివాడు వెంట వస్తే ఏ ఆఫీసులోనైనా మన పని ఇట్టే అయిపోతుంది."

పిల్లి భారీ మెజారిటీతో గెలిచింది.

ఐదేళ్లకు మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి కాకి, "బావురుపిల్లి. వృత్తి, కోళ్ల పెంపకం. కేసు ఒకటే," అని చదివింది.

ఆ సాయంత్రమే పిల్లి ప్రచారానికని దొడ్డికొచ్చింది. ముసలిపెట్ట తలుపు సందులోంచి అడిగింది.

"మిగతా ఆరు కేసులూ ఏమయ్యాయి నాయనా?"

"కొట్టేశారు పిన్నీ. సాక్షులు రాలేదు."

ముసలిపెట్ట వెనక్కి తిరిగి ఖాళీ గూళ్ల వంక చూసింది.

"ఏడో కేసులో సాక్షిని నేనే కదా?"

"ఆ సంగతి మాట్లాడదామనే వచ్చాను. కాస్త తలుపు తియ్యి పిన్నీ."