కొయ్యబొమ్మ కడుపు

బొమ్మలు చూపి నీతి నేర్పే బ్వామి సంఘంలో దీక్ష తీసుకుంటున్న బికెంగె పక్కన, నిండుచూలాలైన భార్య వాబివా కూర్చుంది. ముసలి గురువు ఒక కొయ్యబొమ్మను ఎత్తి ఆడిస్తూ వాళ్ళ ముందుకొచ్చాడు. బొమ్మకు పెద్ద కడుపు.

"ఎవరమ్మా ఈవిడ? మొగుడి కళ్ళుగప్పి కడుపు తెచ్చుకుంది, కొంప కూల్చింది!" అని పాట అందుకున్నాడు.

చుట్టూ ఉన్న సంఘం వాళ్ళందరూ నవ్వుతూ వంత పాడారు. బికెంగె కుదురుగా కూర్చోలేకపోయాడు. బొమ్మ మళ్ళీ వాబివా ముందు ఆగేసరికి ఒక్క ఉదుటున లేచాడు.

"చాలించు తాతా! నా పెళ్ళాం అలాంటిది కాదు!"

పాట ఆగిపోయింది.

"దీక్షకొచ్చిన ప్రతివాడికీ ఈ బొమ్మ చూపిస్తాం నాయనా. నీ పెళ్ళాం మాట ఎవరెత్తారు?" అన్నాడు గురువు.

వాబివా అప్పటికే లేచి నిలబడింది.

"ఇన్ని నెలలూ నీకు నిద్ర పట్టనిది ఇందుకా?" అంది మొగుడితో.