ఉప్పులేని పత్యం

ఆవు కోసం తవుడూ ఉప్పూ వేసి కలిపిన కుడితిని కోడలు రెడ్డిరాణి దోసిట పట్టి తాగుతోంది. మూతికి తవుడు అంటుకుని ఉంది. చూసిన చెంగమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"థూ! మనిషివా, గొడ్డువా నువ్వు?"

"ఉప్పు మీదికే పానం లాగతాండాది అత్తా. అది లేకుంటే తల తిరగతాండాది."

"కామెర్లకు పసరు మింగినావు. పత్యం ముగిసేదాకా ఉప్పు ముట్టకూడదని తెలీదా? ఒళ్ళు సూడు, బొగ్గయిపోయిండాది. రోత ముండా, ఇంగ నా కంట పడొద్దు."

చెంగమ్మ ఉప్పుజాడీని పెట్టెలో పెట్టి తాళం వేసింది. కుడితి తొట్టికి బండ మూసింది.

మరుసటి రోజే రెడ్డిరాణి నిలబడినచోట కూలిపోయింది. పుంగనూరు దగ్గరి ఆ పల్లె నుంచి ఆమెను జీపులో మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయారు.

రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాడు.

"ఇది కామెర్లు కాదమ్మా. మూత్రపిండాల మీదుండే చిన్న గ్రంథులు చెడిపోయినాయి. ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే హార్మోను వాటి నుంచే రావాల. అది లేక ఉప్పంతా మూత్రంలో పోతాంది, బీపీ పడిపోతాంది. ఒళ్ళు నల్లబడిందీ ఈ జబ్బుకే. ఇంక మాత్రలతో బతుకుతుంది. ఉప్పు ఎక్కువగా తింటాండానని ఈమే చెప్పింది; ఇన్నాళ్ళూ కాపాడింది మాత్రం అదే. ఎవరో తెలిసి పెట్టినారు. ఎవరమ్మా?"

చెంగమ్మ ఉప్పు పెట్టిన పెట్టె తాళంచెవిని పిడికిట్లో దాచుకుంది.

"మా అత్తే సార్" అంది మంచం మీది నుంచి రెడ్డిరాణి.

డాక్టరు మెచ్చుకోలుగా చూశాడు. ఆ చూపు మొహాన పడిన ఎంగిలిలా ఉంది. చెంగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది.