తండ్రి పరుగు

“పరుగెత్తాలి దేవీ! తండ్రి పరుగెత్తాలి! నువ్వేమో రేషను బియ్యం లైన్లో ఉన్నట్టు నిలబడిపోయావు.”

భారతి నవ్వుతూనే అంది గానీ లోపల కంగారుగానే ఉంది. తెల్లారితే క్రిస్మస్. ఆమె భర్త ఈ సముద్రపు ఒడ్డు ఊరికి పాస్టరుగా వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. హుద్‌హుద్ తుఫానుకి లేచిపోయిన మందిరం రేకులు మొన్ననే వేయించారు. ఎప్పుడూ గడప తొక్కనివాళ్లు కూడా నాటకం, దాని తరవాత విందు అంటే వస్తామన్నారు. బైబిలు కథలో ఇల్లొదిలి పోయి పందులు కాసిన కొడుకు తిరిగొస్తే తండ్రి ఎదురు పరుగెత్తి కౌగిలించుకోవడమే నాటకానికి ప్రాణం. ఆ పరుగు లేకపోతే తను ఈ ఊరికి చెప్పాలనుకున్నది చెప్పినట్టే కాదు.

తండ్రి వేషం దేవిది. మగపిల్లలందరికంటే పొడుగని ఇచ్చింది. నరసన్నపేటలో కొన్న గడ్డం పెట్టుకుంటే గంభీరంగానే ఉంది. కానీ చేపలమ్మే మామ్మ జగ్గమ్మ కొంగు చాటున పెరిగిన పిల్ల, గొంతు పెగలదు.

“‘వచ్చావా నాన్నా’ అనాలి. ‘వచ్చావా అబ్బాయీ’ అంటే అద్దెకొచ్చినవాణ్ని పలకరించినట్టుంది.”

“ఆ మాట నోటికి రాదండి.”

“బిడ్డని ముద్దుగా నాన్నా అని పిలవరా మనవాళ్లు? సిగ్గెందుకు?”

దేవి గడ్డం తీసి చేత్తో పట్టుకుంది. “అసలు తండ్రెందుకు పరిగెట్టాలండి? ఎల్లిపోయినోడు ఆడు. ఆడే ఒచ్చి కాళ్ల మీద పడాల.”

“అదీ మాట!” అన్నాడు పెద్దకొడుకు వేషం వేసిన కొండబాబు. “సెప్పిన పనల్లా సేసినోణ్ని నాను. నాకు గంజినీళ్లు, ఆడికి ఇందు బోజనమా?”

అందరూ గొల్లున నవ్వారు. భారతీ నవ్వింది.

“చెప్పిన మాట విన్నందుకు కొడుకు అవడు రా. కొడుకు గనకే మాట వింటాడు. ముందు ఇంట్లోకి రానిస్తే బుద్ధి తరవాత వస్తుంది. రక్షణంటే మనం కష్టపడి తెచ్చుకున్న కూలి కాదు, దేవుడు పిలిచి పెట్టిన కూడు.”

“మరి రేపు మళ్లీ ఎల్లిపోతే?” దేవి అడిగింది.

భారతి ఆ గడ్డం తీసుకుని మళ్లీ దేవికి పెట్టింది. “ఆ భయం తండ్రికీ ఉంటుంది దేవీ. ఉన్నా పరుగెత్తాడు.”

అంతలో చిన్నకొడుకు వేషగాడు శివాజీ మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. రెండు బుగ్గలూ గుమ్మడికాయల్లా ఉబ్బి ఉన్నాయి. గవదబిళ్లలు.

“తిండిలేక పందుల కుడితికి ఆశపడినోడు ఈడేనేటండి!” అని కొండబాబు పడీపడీ నవ్వాడు.

భారతి తల పట్టుకుని బయటికొచ్చింది. వాకిట్లో వెదురు గడకి నక్షత్రం కడుతున్న మనిషి కనిపించాడు. మొన్న వచ్చాడు, పేరు కూర్మయ్య. చాలా ఏళ్లు గుజరాత్ వైపు బోట్ల మీద వేటకెళ్లాడట. మందిరం అరుగు మీదే పడుకుంటున్నాడు. ఎవరి తాలూకా అని అడిగితే, “ఇప్పుడు ఎవరి తాలూకా కాదమ్మా” అన్నాడు.

“కూర్మయ్యా, మా నాటకంలో కొడుకు వేషం వేస్తావా?”

“నాకు ఆటలేటొస్తాయమ్మా!”

“మాట ఒకటే. నీ కొడుకుననిపించుకోవడానికి తగను, అనాలి.”

కూర్మయ్య తాడు ముడి బిగించి తల దించుకున్నాడు. “ఆపాటి మాట నాకు నేర్పక్కర్లేదు.”

అతన్ని లోపలికి తీసుకెళ్లగానే పిల్లల నవ్వులు ఆగిపోయాయి. “అమ్మగారూ, ఈయన...” అని కొండబాబు నోరు తెరిచాడు.

“నోర్ముయ్యరా!” అని అరిచింది దేవి.

మందిరం రేకులు మోగాయి. “ఆ గొంతే కావాలి నాకు!” అని భారతి చప్పట్లు కొట్టింది.

మర్నాడు సాయంత్రం మందిరం కిటికీల్లో కూడా జనమే. కొండబాబు విసుక్కుంటే నవ్వారు, పందిపిల్ల వేషగాడు తోక జారవిడిస్తే ఈలలేశారు. అప్పుడు కూర్మయ్య వచ్చాడు. అతనికి వేషం బట్టలు వెతకక్కర్లేకపోయింది. కొడుక్కి నెరిసిన జుట్టేమిటని నవ్వబోయినవాళ్లు అతని మొహం చూసి ఊరుకున్నారు. వేషం ఎంత బాగా కుదిరింది, అనుకుంది భారతి పరదా వెనక.

“నాను తగను...” అన్నాడు కూర్మయ్య.

దేవి కదల్లేదు.

“పరుగెత్తు తల్లీ,” అని గొణిగింది భారతి. “పరుగెత్తు!”

దేవి అంగీ అంచు రెండు చేతులా ఎత్తిపట్టింది. ఒక్క ఉదుటున పరుగెత్తింది. గడ్డం ఊడి ఎక్కడో పడింది. రెండు చేతులూ అతని మెడకి చుట్టి, ఊరు ఊరంతా వినేటట్టు అరిచింది.

“ఒచ్చీసినావా నాన్నా!”

కూర్మయ్య బావురుమన్నాడు. మందిరం దద్దరిల్లింది. చప్పట్లు, ఈలలు, మధ్యలో ఆడవాళ్ల ఏడుపులు, ఎవరో డప్పు కూడా అందుకున్నారు. భారతి పరదా తోసుకుని వచ్చి, ముందు వరసలో ఉన్న జగ్గమ్మ చేతులు పట్టుకుంది.

“మీ మనవరాలు ఎంత బాగా నటించిందమ్మా!”

జగ్గమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. “ఇందు బోజనంలో ఇంకో ఆకెయ్యించమ్మా. కూర్మయ్య మా పక్కన కూకుని తింటాడు.”

“అలాగే! మీకు చుట్టమా?”

“ఆడు దేవి నాన్న.”